ఫ్యాక్టరీ వ్యర్థ జలం నుంచి ప్రోటీన్.. బ్యాక్టీరియాతో చేపల మేత ఎలా తయారవుతుంది? పండుగప్పపై ప్రయోగంలో ఏం తేలింది?

సోయా పాలు, టోఫు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి రోజూ పెద్ద మొత్తంలో నీరు బయటకు పోతుంది. గింజలు నానబెట్టిన నీరు, ఉడికించిన నీరు, యంత్రాలు కడిగిన నీరు.. అన్నీ కలిసి డ్రైనేజీ బాట పడతాయి. ఒక్క రోజు నిల్వ ఉంటే చాలు పుల్లటి వాసన వస్తుంది. ఆ నీటిని శుద్ధి చేయడానికి కంపెనీకి ఖర్చు. శుద్ధి చేయకుండా వదిలేస్తే కాలువకు ముప్పు.

అదే నీటిని సింగపూర్ శాస్త్రవేత్తలు వేరే కోణంలో చూశారు. అందులో బ్యాక్టీరియాను పెంచారు. ఆ బ్యాక్టీరియాను ఆరబెట్టి పొడి చేశారు. ఆ పొడిని చేపల మేతలో కలిపారు. ఆ మేత తిన్న చేప ఏదో కాదు.. గోదావరి, కృష్ణా జిల్లాల్లో అందరికీ తెలిసిన పండుగప్ప. ఇంగ్లిష్‌లో ఏషియన్ సీబాస్ అనేది దీన్నే.

ఫలితం ఆసక్తికరంగా వచ్చింది. మరి మురుగునీటి నుంచి మేత ఎలా వస్తుంది? అది తిన్న చేప మనం తినొచ్చా? ఆక్వా రైతుకు దీనివల్ల ఖర్చు తగ్గుతుందా? ఏ ఫ్యాక్టరీ నీరైనా పనికొస్తుందా? ఆ వివరాలు ఇవే.

పండుగప్ప ప్రయోగంలో ఏం జరిగింది?

సింగపూర్‌లోని నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ, టెమసెక్ పాలిటెక్నిక్ కలిసి ఈ పరిశోధన చేశాయి. 2023లో వివరాలు బయటపెట్టాయి. సోయాబీన్ ప్రాసెసింగ్ చేసే ఓ ఆహార కంపెనీ నుంచి వ్యర్థ జలం తీసుకున్నారు. అందులో సహజంగా పెరిగే సూక్ష్మజీవులనే బయోరియాక్టర్లలో పెంచారు.

తర్వాత పండుగప్ప పిల్లలను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు మేత పెట్టారు. రెండో గుంపు మేతలో ఫిష్‌మీల్‌ను సగానికి తగ్గించి, ఆ స్థానంలో బ్యాక్టీరియా ప్రోటీన్ కలిపారు. రెండు మేతల్లోనూ మొత్తం పోషకాలు సమానంగా ఉండేలా చూశారు. ఇలా 24 రోజులు నడిపారు.

చివర్లో తూకం వేస్తే రెండు గుంపులూ దాదాపు ఒకేలా పెరిగాయి. అంతేకాదు, బ్యాక్టీరియా ప్రోటీన్ తిన్న గుంపులో చేపల మధ్య సైజు తేడా తక్కువగా కనిపించింది. చెరువు పట్టే రైతుకు ఇది చిన్న విషయం కాదు. ఒకే సైజు వస్తే ఒకే రేటు పడుతుంది. పైగా పండుగప్ప లాంటి మాంసాహార చేపల్లో పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. సైజు తేడా ఎంత తక్కువైతే ఆ నష్టం అంత తక్కువ.

అయితే 24 రోజులంటే పిల్ల దశ మాత్రమే. పండుగప్పను మార్కెట్ సైజుకు పెంచడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఇది మంచి ఆరంభమే కానీ, రేపే చెరువులో వాడేయొచ్చని చెప్పే రుజువు కాదు.

ఇంతకీ బ్యాక్టీరియాలో ప్రోటీన్ ఎంత ఉంటుంది?

బ్యాక్టీరియా అనగానే చాలామందికి జబ్బే గుర్తొస్తుంది. కానీ పెరుగు తోడుకోవాలన్నా, ఇడ్లీ పిండి పులియాలన్నా బ్యాక్టీరియానే కావాలి. కంటికి కనిపించని ఈ జీవి శరీరం చాలావరకు ప్రోటీన్‌తోనే నిండి ఉంటుంది. ఆరబెట్టిన బరువులో లెక్కేస్తే చాలా రకాల బ్యాక్టీరియాలో 50 నుంచి 80 శాతం దాకా ప్రోటీన్ ఉంటుంది. సోయా గింజల్లో ఇది 36 నుంచి 40 శాతం. నాణ్యమైన ఫిష్‌మీల్‌లో 60 నుంచి 70 శాతం.

అమైనో ఆమ్లాల విషయంలోనూ బ్యాక్టీరియా వెనకబడలేదు. చేపలకు, కోళ్లకు కీలకమైన మెథియోనిన్ సోయాలో తక్కువ. బ్యాక్టీరియా ప్రోటీన్‌లో సాధారణంగా అంతకంటే ఎక్కువే దొరుకుతుంది.

ఇక వేగం సంగతి. సోయా పంట చేతికి రావాలంటే మూడు నెలలకు పైగా పడుతుంది. పొలం కావాలి, వాన కావాలి. బ్యాక్టీరియాకు తిండి, వేడి, గాలి సరిగ్గా దొరికితే కొన్ని గంటల్లోనే రెట్టింపవుతుంది. కొన్ని రకాలకైతే 20 నిమిషాలు చాలు. ఇలా ఏకకణ జీవుల నుంచి తీసే ప్రోటీన్‌ను సింగిల్ సెల్ ప్రోటీన్ అంటారు. 1966లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన కారోల్ విల్సన్ ఈ పేరు పెట్టారు. హెల్త్ షాపుల్లో అమ్మే స్పిరులినా కూడా ఈ కోవలోదే. దాన్ని నాచు అంటారు కానీ శాస్త్రపరంగా అదీ ఒక బ్యాక్టీరియానే.

బయోఫ్లాక్ తెలిసిన రైతుకు ఇది కొత్త కాదు

ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యల రైతులు చాలామందికి బయోఫ్లాక్ గురించి తెలుసు. ట్యాంకులో రొయ్యలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన వల్ల అమ్మోనియా పెరుగుతుంది. అప్పుడు బెల్లం గానీ మొలాసిస్ గానీ వేసి ఏరేటర్లు తిప్పుతారు. కార్బన్ దొరకగానే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. నీటిలోని అమ్మోనియాను లాగేసుకుని తన ఒంట్లో ప్రోటీన్‌గా మార్చుకుంటుంది. గుంపులు గుంపులుగా ముద్దకట్టిన ఆ బ్యాక్టీరియానే ఫ్లాక్. రొయ్యలు దాన్ని తింటాయి.

వ్యర్థ జలం నుంచి ప్రోటీన్ తీయడంలోనూ సూత్రం ఇదే. తేడా ఏంటంటే, ఇక్కడ కార్బన్ కోసం బెల్లం కొననక్కర్లేదు. ఫ్యాక్టరీ నీటిలోనే పిండి పదార్థం, చక్కెర, ఆమ్లాలు ఉంటాయి. బ్యాక్టీరియాను చెరువులో కాకుండా విడిగా ట్యాంకులో పెంచి, తీసి, ఆరబెట్టి మేత మిల్లుకు పంపుతారు.

ప్లాంట్‌లో దశలవారీగా జరిగేది ఇదీ

మొదటిది వడపోత. నీటిలోని పొట్టు, చెత్త, నూనె తీసేస్తారు. ఉదయం ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా వచ్చే నీటిని పెద్ద ట్యాంకులో కలిపి ఒకే తీరుకు తెస్తారు.

రెండోది పోషకాల సర్దుబాటు. బ్యాక్టీరియా పెరగాలంటే కార్బన్‌తో పాటు నత్రజని, భాస్వరం కావాలి. 100 పాళ్ల సేంద్రియ కాలుష్యానికి 5 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం ఉండాలన్నది శుద్ధి కేంద్రాల్లో వాడే మోటు లెక్క. సోయా నీటిలో నత్రజని ఉంటుంది. సగ్గుబియ్యం ఫ్యాక్టరీ నీటిలో పిండి ఎక్కువ, నత్రజని తక్కువ. అలాంటి చోట విడిగా కలపాల్సి వస్తుంది.

మూడోది రియాక్టర్. ఇక్కడే అసలు పని. చాలా రకాలకు గాలి ఊదాలి. పర్పుల్ బ్యాక్టీరియా అనే ఊదారంగు రకానికి మాత్రం గాలి అక్కర్లేదు, వెలుతురు కావాలి. ఇది నీటిలోని సేంద్రియ పదార్థాన్ని దాదాపు వృథా లేకుండా తన శరీరంగా మార్చుకుంటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఈ రకంపై ఏళ్లుగా పనిచేస్తున్నారు. వాళ్లు కూడా మేత ప్రయోగాలకు ఎంచుకున్నది పండుగప్పనే. అక్కడ దాని పేరు బారమండి.

నాలుగోది వేరు చేయడం. బ్యాక్టీరియా చాలా చిన్నది. మామూలు జల్లెడకు దొరకదు. ముద్దకట్టేలా చేసి అడుగుకు దింపుతారు, లేదా సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి విడదీస్తారు.

ఐదోది వేడి చేయడం, ఆరబెట్టడం. వేడికి బ్యాక్టీరియా చనిపోతుంది. హాని చేసే క్రిములూ పోతాయి. చివరికి గోధుమ రంగు పొడి మిగులుతుంది. ఊదారంగు రకమైతే కాస్త ఎర్రగా ఉంటుంది.

ఈలోగా నీటి సంగతి? బ్యాక్టీరియా తినేయడంతో అందులో కాలుష్యం చాలావరకు తగ్గిపోతుంది. మిగిలిన కొద్దిపాటి శుద్ధి పూర్తిచేసి మళ్లీ వాడుకోవచ్చు, లేదా నిబంధనల ప్రకారం బయటకు వదలొచ్చు.

ఇప్పుడు ఆ ప్రోటీన్ ఎటు పోతోంది?

ఇక్కడ ఓ ముఖ్యమైన విషయం ఉంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ఇప్పటికే జరుగుతున్నది బ్యాక్టీరియా పెంపకమే. 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రపంచానికి చూపించారు. గాలి ఊదితే బ్యాక్టీరియా పెరుగుతుంది, మురికిని తింటుంది, బురదగా అడుగుకు దిగుతుంది. ఆ పద్ధతినే యాక్టివేటెడ్ స్లడ్జ్ అంటారు. నేటికీ ప్రపంచవ్యాప్తంగా వాడేది ఎక్కువగా ఇదే.

కానీ ఆ పద్ధతి లక్ష్యం నీటిని శుభ్రం చేయడం వరకే. పెరిగిన బ్యాక్టీరియా మిగులు బురద కింద లెక్క. దాన్ని ఆరబెట్టి తరలించడానికి మళ్లీ ఖర్చు. నీటిలోని నత్రజనిని కూడా చాలా ప్లాంట్లలో కావాలనే గాలిలోకి వదిలేస్తారు.

అదే నత్రజనిని గాలి నుంచి పట్టి యూరియాగా మార్చడానికి మరోచోట భారీగా ఇంధనం కాలుస్తున్నారు. ఆ యూరియా చల్లి పంట పండించి, ఆ పంట నుంచి మేత చేస్తున్నారు. అంటే ఒకచోట ఖర్చు పెట్టి పారేసేదాన్నే మరోచోట ఖర్చు పెట్టి తెచ్చుకుంటున్నారు. ఈ వృథాను ఆపాలన్నదే శాస్త్రవేత్తల ప్రయత్నం.

10 లక్షల లీటర్ల నీటికి ఎంత ప్రోటీన్?

ఓ చిన్న లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఆహార ఫ్యాక్టరీ రోజుకు 10 లక్షల లీటర్ల వ్యర్థ జలం వదులుతోంది అనుకుందాం. కాలుష్యాన్ని కొలిచే ఓ పద్ధతి పేరు సీఓడీ. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని పూర్తిగా కాల్చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. లీటరుకు 5 గ్రాముల సీఓడీ ఉంటే, రోజుకు మొత్తం 5 వేల కిలోలు.

గాలి ఊదే పద్ధతిలో కిలో సీఓడీకి సుమారు 400 గ్రాముల ఎండు బ్యాక్టీరియా వస్తుంది. మిగతాది బ్యాక్టీరియా తన బతుకు కోసం ఖర్చు చేసుకుంటుంది. అంటే రోజుకు 2 వేల కిలోల పొడి. అందులో 55 శాతం ప్రోటీన్ అనుకుంటే 1,100 కిలోల ప్రోటీన్. పొలం లేదు, వాన లేదు, వల లేదు. ఇదంతా డ్రైనేజీలో కలిసిపోవాల్సిన సరుకు.

వినడానికి బాగుంది. మరి అందరూ ఎందుకు చేయడం లేదు?

అసలు చిక్కు ఆరబెట్టడంలో ఉంది

అదే లెక్కను కొంచెం ముందుకు తీసుకెళ్తే సమాధానం దొరుకుతుంది. రియాక్టర్ నుంచి దించిన ద్రవంలో బ్యాక్టీరియా 1 శాతం ఉంటే, 2 వేల కిలోల పొడి కోసం 200 టన్నుల ద్రవాన్ని పట్టుకోవాలి. సెంట్రిఫ్యూజ్‌తో దాన్ని 15 శాతం చిక్కదనానికి తెస్తే 13 టన్నులకు పైగా ముద్ద మిగులుతుంది. దాన్ని నిల్వ ఉండే పొడిగా మార్చాలంటే ఇంకా 11 టన్నుల నీటిని ఆవిరి చేయాలి. వేడి ఏమాత్రం వృథా కాకపోయినా దీనికి దాదాపు 7 వేల యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. అదీ రోజూ.

దీనికి తోడు గాలి ఊదే ఖర్చు. చెరువులో ఏరేటర్ల కరెంటు బిల్లు కట్టే రైతుకు ఈ బాధ తెలిసిందే. అందుకే ఫ్యాక్టరీలో బాయిలర్ నుంచి వృథాగా పోయే వేడి ఉన్న చోట ఈ పద్ధతికి గిట్టుబాటు అవకాశం ఎక్కువ. ఆ వేడి లేకపోతే పొడి ధర సోయా చెక్కతో పోటీ పడలేదు.

మరో చిక్కు సీజన్. చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు పరిశ్రమల్లో నీరు తియ్యగా, బ్యాక్టీరియాకు విందులా ఉంటుంది. కానీ ఆ ఫ్యాక్టరీలు నడిచేది ప్రధానంగా మామిడి సీజన్‌లోనే. మిగతా రోజులు రియాక్టర్ ఖాళీగా ఉంటే పెట్టుబడి తిరిగి రాదు. పాల డెయిరీ, బీర్ ఫ్యాక్టరీ లాంటివి ఏడాది పొడవునా నడుస్తాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది తక్కువ.

గతంలో ప్రయత్నించి ఆగిపోయినవి

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి దిగుమతులు ఆగిపోయినప్పుడు అక్కడ మొలాసిస్ మీద ఈస్ట్‌ను పెంచి ఆహారంలో వాడారు.

1970ల్లో ఫిన్లాండ్ ఒక అడుగు ముందుకేసింది. అక్కడి పేపర్ మిల్లుల్లో కలపను ఉడికించాక మిగిలే ద్రవంలో చక్కెరలు ఉంటాయి. అందులో ఓ రకం శిలీంధ్రాన్ని పెంచి పశువుల మేత చేశారు. దాని పేరు పెకిలో. 1975లో యాంసాంకోస్కి అనే ఊళ్లో ప్లాంట్ మొదలైంది. పందులకు, కోళ్లకు ఆ మేత పెట్టారు. సుమారు 15 ఏళ్లు నడిచాక అది మూతపడింది. కాగితం తయారీ పద్ధతి మారడంతో ఆ ద్రవమే దొరక్కుండా పోయింది. ఇప్పుడు ఎనిఫర్ అనే ఫిన్లాండ్ కంపెనీ అదే శిలీంధ్రాన్ని మళ్లీ బయటకు తీసింది.

బ్రిటన్ కథ ఇంకోలా ముగిసింది. ఐసీఐ అనే దిగ్గజ సంస్థ మిథనాల్ మీద బ్యాక్టీరియాను పెంచి ప్రూటీన్ అనే మేత తయారుచేసింది. బిల్లింగ్‌హామ్‌లో 15 లక్షల లీటర్ల భారీ ఫెర్మెంటర్ కట్టింది. సాంకేతికంగా అది విజయమే. కానీ చమురు సంక్షోభాలతో ముడిసరుకు ధర పెరిగింది, సోయా ధర మాత్రం తక్కువగానే ఉంది. 1980ల్లోనే ప్రాజెక్టు అటకెక్కింది.

ఈ రెండు కథలూ చెప్పే పాఠం ఒక్కటే. బ్యాక్టీరియా ప్రోటీన్ తయారుచేయగలరా లేదా అన్నది సమస్య కాదు. ముడిసరుకు చవగ్గా, నమ్మకంగా దొరకాలి. సోయా, ఫిష్‌మీల్ ధరతో పోటీ పడాలి. వ్యర్థ జలం దగ్గర మళ్లీ ఆశలు చిగురించడానికి కారణం కూడా ఇదే. దాన్ని కొననక్కర్లేదు. పైగా దాన్ని శుద్ధి చేసే బాధ్యత ఎలాగూ కంపెనీదే.

ఇప్పుడే ఎందుకు అవసరమైంది?

ప్రపంచంలో ఫిష్‌మీల్ ఎక్కువగా వచ్చేది పెరూ నుంచి. అక్కడి సముద్రంలో దొరికే ఆంకోవెటా అనే చిన్న చేపలను పట్టి పొడి చేస్తారు. ఎల్‌నినో వస్తే సముద్రం వేడెక్కి ఆ చేపలు దొరకవు. 2023లో సరిగ్గా ఇదే జరిగింది. పెరూ ప్రభుత్వం ఆ ఏడాది మొదటి వేట సీజన్‌నే రద్దు చేసింది. ఎక్కడో పసిఫిక్‌లో వేట ఆగితే మేత పరిశ్రమ మొత్తం మీద ఆ ప్రభావం పడుతుంది.

సోయా సంగతీ అంతే. 2021లో దేశంలో సోయా మీల్ ధరలు ఆకాశాన్నంటాయి. కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెట్టడంతో జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన 12 లక్షల టన్నుల మీల్ దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

దీని ప్రభావం తెలుగు రాష్ట్రాలపై నేరుగా ఉంటుంది. 2023-24లో భారత్ 7.16 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్యలను ఎగుమతి చేసింది. విలువ 40 వేల కోట్ల రూపాయలకు పైనే. సాగు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అందుకే మేత బస్తా మీద కొద్దిగా రేటు పెరిగినా భీమవరం నుంచి నెల్లూరు దాకా రైతుల లెక్కలు తారుమారవుతాయి. తవుడు, చెక్క మీద నడిచే కొల్లేరు వైపు చేపల చెరువులతో పోలిస్తే రొయ్యలకు, పండుగప్పకు ప్రోటీన్ ఎక్కువున్న మేత తప్పనిసరి.

ఏ ఫ్యాక్టరీ నీరైనా పనికొస్తుందా? అస్సలు కాదు

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. బ్యాక్టీరియా నీటిలోని చక్కెరను మాత్రమే తీసుకోదు. సీసం, కాడ్మియం లాంటి భార లోహాలు ఉంటే వాటినీ తనలో పట్టి ఉంచుతుంది. అవి పొడిలోకి, పొడి నుంచి చేపలోకి, చేప నుంచి మన కంచంలోకి వస్తాయి.

హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు ఉదాహరణ ప్రపంచానికంతా తెలుసు. అక్కడ మందుల కంపెనీల వ్యర్థ జలాన్ని శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే కూడా ఇది ఎక్కువ. అలాంటి నీటిలో పెరిగే బ్యాక్టీరియా మందులకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. దాన్ని మేతగా వాడాలన్న ఆలోచనే చేయకూడదు.

ఎగుమతుల కోణంలోనూ ఇది ప్రాణసంకటం. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే అమెరికా, యూరప్ దేశాలు రొయ్యల కంటైనర్లను వెనక్కి పంపేస్తాయి. 2016లో యూరప్ యూనియన్ భారత్ నుంచి వెళ్లే సాగు సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను పరీక్షించాలని నిబంధన కఠినం చేసింది. మేతలో తేడా వస్తే నష్టపోయేది మేత కంపెనీ ఒక్కటే కాదు. తప్పేమీ చేయని రైతు కూడా మునుగుతాడు.

అందుకే తెరపైకి వస్తున్నవి ఆహార పరిశ్రమల నీళ్లే. సోయా, బంగాళాదుంప, పాలు, బీరు, పండ్ల గుజ్జు, పిండి తయారీ కేంద్రాలు. తెలుగు రాష్ట్రాల్లో చూస్తే పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల సగ్గుబియ్యం మిల్లులు, తెలంగాణలోని ఉప్పుడు బియ్యం మిల్లులు, డెయిరీల నీరు ఈ కోవకు వస్తాయి. మనిషి తినే పదార్థాన్ని కడిగిన నీరు కాబట్టి అందులో ఏముందో ముందే తెలుస్తుంది. అయినా పరీక్ష తప్పదు. యంత్రాలు కడిగే రసాయనాలు, పొలం నుంచి వచ్చే పురుగుమందుల అవశేషాలు కూడా చూడాల్సిందే.

చట్టం ఏం చెబుతోంది?

యూరప్ యూనియన్ మేత చట్టం 2009 నుంచే ఒక గీత గీసింది. పట్టణ, గృహ, పారిశ్రామిక మురుగునీటి శుద్ధిలో వచ్చే వ్యర్థాలను మేతలో వాడటం నిషేధం. అయితే ఆహార ఫ్యాక్టరీ లోపలే విడి పైపులో నడిచే ప్రాసెస్ నీటిని మురుగునీరుగా చూడరు.

ఇందులో సారాంశం తేలికే. సోయా నానబెట్టిన నీరు వేరే పైపులో నేరుగా రియాక్టర్‌కు వెళ్తే అది ముడిసరుకు. అదే నీరు ఫ్యాక్టరీ మరుగుదొడ్ల నీటితో కలిసిన మరుక్షణం మురుగు. ఒక్క పైపు తేడా. కాబట్టి ఇలాంటి ప్లాంట్ పెట్టాలంటే మొదట మార్చాల్సింది బ్యాక్టీరియాను కాదు, ఫ్యాక్టరీలోని డ్రైనేజీ లైన్లను.

మనుషులు నేరుగా తినొచ్చా?

ప్రస్తుతం వ్యర్థ జలంతో చేసే ప్రయోగాల గురి ప్రధానంగా చేపలు, రొయ్యలు, కోళ్ల మేతపైనే ఉంది. మనుషుల దాకా రాకపోవడానికి బలమైన కారణాలున్నాయి. వేగంగా పెరిగే బ్యాక్టీరియాలో న్యూక్లియిక్ ఆమ్లాలు ఎక్కువ. ఎండు బరువులో 8 నుంచి 12 శాతం దాకా ఉంటాయి. మన శరీరం వాటిని అరిగించేటప్పుడు యూరిక్ ఆమ్లం తయారవుతుంది. అది పెరిగితే కీళ్లలో గౌట్ నొప్పులు, కిడ్నీలో రాళ్లు వస్తాయి. చేపల్లో యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. మనుషుల్లో అది లేదు. అందుకే చేపకు ఇబ్బంది లేనిది మనకు ఇబ్బంది అవుతుంది.

కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల్లో ఎండోటాక్సిన్లు కూడా ఉంటాయి. వేడితో, ఇతర పద్ధతులతో వీటిని తగ్గించవచ్చు. కానీ దానికి మళ్లీ ఖర్చు. మరి ఆ చేపను తింటే? చేప ఆ ప్రోటీన్‌ను అరిగించుకుని తన కండగా మార్చుకుంటుంది. బ్యాక్టీరియా అలాగే మన ప్లేట్‌లోకి రాదు. నీటి మూలం శుభ్రంగా ఉందా, లోహాలు, మందుల అవశేషాలు లేవా అన్నదే అక్కడ అసలు పరీక్ష.

మన దేశంలో పరిస్థితి ఏంటి?

బెంగళూరుకు చెందిన స్ట్రింగ్ బయో అనే స్టార్టప్ మీథేన్ వాయువు మీద బ్యాక్టీరియాను పెంచి ప్రోటీన్ తీస్తోంది. ముడిసరుకు వేరైనా దారి ఒకటే. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన బయోఈ3 విధానంలో స్మార్ట్ ప్రోటీన్లను ప్రాధాన్య రంగాల్లో చేర్చారు. అంటే పరిశోధనకు ప్రభుత్వ మద్దతు దారి తెరుచుకుంది.

తెలుగు రాష్ట్రాలకు ఇక్కడో అనుకూలత ఉంది. ఒకవైపు ఆహార పరిశ్రమల నీరు, మరోవైపు మేత మిల్లులు, ఇంకోవైపు ఆ మేత కొనే చెరువులు. మూడూ కొన్ని జిల్లాల పరిధిలోనే ఉన్నాయి. నీటిని దూరం మోయడం గిట్టుబాటు కాదు కాబట్టి ఈ దగ్గరితనం పెద్ద బలం.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

బ్యాక్టీరియా ప్రోటీన్ పేరుతో మార్కెట్లోకి ఏదైనా మేత వస్తే కొనే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఏ ఫ్యాక్టరీ నీటి నుంచి తయారైంది? భార లోహాలు, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష రిపోర్టు ఉందా? మేతలో ఎంత శాతం కలిపారు? ఎన్ని రోజుల సాగులో పరీక్షించారు? పిల్ల దశలోనా, పట్టుబడి దాకానా? వీటికి కాగితం మీద సమాధానం లేకపోతే చౌక అని ఆశపడకపోవడమే మంచిది.

శుద్ధి కేంద్రంలో పేరుకున్న బురదను ఎండబెట్టి నేరుగా చెరువులో వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఇక్కడ చెప్పుకున్న ప్రోటీన్‌కూ, ఆ బురదకూ పోలికే లేదు. మొదటిది ఎంచుకున్న నీటిలో, లెక్క ప్రకారం పెంచిన పంట. రెండోది ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చినదంతా పోగైన వ్యర్థం. రెండింటికీ పుట్టుక బ్యాక్టీరియా నుంచే కావొచ్చు. కానీ ఒకటి చెరువును నిలబెడుతుంది, మరొకటి ముంచుతుంది.